ఏం చూశావే?

చీకట్లో దొడ్డివైపు వెళ్లనని ఏడుస్తున్నాడని చిన్నోణ్ణి కసరమాకమ్మాయ్. ఇట్టా రా, మంట దగ్గర కూర్చో. ఆ పత్తికట్టె కాస్త ఎగదొయ్యి.

మా చిన్నప్పుడు ఊళ్లో కరెంటు లేదు. సాగర్ కుడికాలవకి నీళ్లొదిలింది 1967లో, మా వీధిలో దీపం వెలిగింది ఆ తర్వాతే. పొద్దుగూకితే గుడ్డిలాంతరు. నాపరాళ్ల గోడమీద నీడలు ఊగుతుంటే మాకు గుండెలు జారిపోయేవి. పైగా అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తామని పెద్దోళ్లే బెదిరించేవాళ్లు. అది తప్పేనమ్మా. ఆ పూటకి రెండు ముద్దలు ఎక్కువ తింటాడేమో గానీ, రాత్రికి పక్క తడుపుతాడు.

ఎవరికన్నా జడుపు జ్వరం వస్తే మా నాయనమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేది. మసీదు సాయిబుగారి చేత తాయెత్తు కట్టించేది. అవన్నీ అయ్యాక పిల్లని ఒళ్లో వేసుకుని, "ఏం చూశావే? ఎక్కడ చూశావు?" అని అడిగేది. చెప్పిందాకా కదిలేది కాదు. తెల్లారాక చెయ్యి పట్టుకుని ఆ చోటికే తీసుకెళ్లేది. నన్ను తీసుకెళ్తే అక్కడ చింతకొమ్మకి పాత గోతాం వేలాడతా ఉంది. దాన్ని కిందికి లాగి, నా చేత్తోనే మడతపెట్టించింది. నా జడుపు తీసింది మిరపకాయలంటే నేనొప్పుకోను, ఆ ముసలిదే తీసింది.

కారెంపూడిలో పల్నాటి యుద్ధంలో పోయిన వీరుల తిరునాళ్లకీ ఆమే తీసుకెళ్లింది. కార్తీక అమావాస్యకి మొదలైతే రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు. డప్పులు మోగుతుంటే, వీరుల ఆయుధాలు, కొణతాలు పట్టుకుని, ఆ వీరుల్ని కొలిచే వీరాచారవంతులు ఊగిపోతుంటే నేను ఆమె కొంగులో దూరా. ఆమె నన్ను ముందుకి తొయ్యలా, ఇంటికీ మళ్లించలా. వీరుల గుడికి ఎడంగా కూర్చోబెట్టి, ఒళ్లో బొరుగులు పోసి, జరగబోయేది ముందే చెప్పేది. "ఇప్పుడు కేకలేస్తారు. ఇప్పుడు పడిపోతారు. మళ్లీ లేస్తార్లే." అన్నట్టే లేచారు. లేచినాయన చెంబెడు నీళ్లు తాగి, నా చెయ్యి తీసుకుని కొణతం మీద పెట్టాడు. పసుపు పూసిన కర్ర, తడితడిగా ఉంది. వేళ్లకంటిన పసుపు ఇంటికొచ్చిందాకా కడగనివ్వలేదు నేను.

ఆ వీరుల్లో బాలచంద్రుడి కథ వినలా? యుద్ధం సంగతి ఆ పిల్లోడికి తెలియకుండా ఇంట్లోవాళ్లు దాచారు. ఐతాంబ కన్నతల్లాయె, ఆమె భయం ఆమెది. ఏమైంది? బొంగరాలాట దగ్గర బయటి మనిషి నోట విన్నాడు. విన్నాక ఆపగలిగారా?

2024 మే నెలలో, ఓట్లప్పుడు మన పల్నాడులో ఎంత గొడవైందో, 144 సెక్షను పెట్టిందాకా పోయిందిగా. అట్టాంటి రాత్రుళ్లు చప్పుడైతే "ఏం లేదురా, టపాకాయలు" అంటాం. పిల్లలు మన మాట కంటే మన మొహం చూస్తారమ్మా. గడియ పెట్టేటప్పుడు నీ చెయ్యి వణికితే వాడికి తెలిసిపోద్ది. "ఊళ్లో కొట్టుకుంటున్నారు నాయనా, తలుపులేశాం, అందరం ఈ గదిలోనే పడుకుందాం" అని ఉన్నదున్నట్టు చెప్పు. ఒంటరిగా భయపడటం కంటే పిల్లోడికి పెద్ద కష్టం లేదు.

ఈసారి తిరునాళ్లకి వాణ్ణీ తీసుకెళ్దాం. అక్కడ ఏమేం కనపడతాయో రోజూ కాసేపు నేను చెప్తా ఉంటాలే. దగ్గరికి రానంటే బలవంతం చెయ్యమాక, నేనూ వాడూ ఎడంగానే కూర్చుంటాం.