తూము దగ్గరి మనిషి: పీహెచ్‌పీలో కర్ల్ పుట్టుపూర్వోత్తరాలు

వెబ్‌సైట్లు చేసిచ్చే కుర్రవాళ్లను నల్లగొండలో అడగండి, మహబూబ్‌నగర్‌లో అడగండి. బడి ఫీజు కట్టగానే తల్లిదండ్రుల ఫోన్‌కు మెసేజ్ పోవాలంటే కోడ్‌లో ఏం రాస్తారని. నాలుగు పేర్లు వరసగా చెప్తారు: కర్ల్ ఇనిట్, కర్ల్ సెటాప్ట్, కర్ల్ ఎగ్జెక్, కర్ల్ క్లోజ్. మొదటిది పని మొదలుపెడుతుంది. రెండోది ఎక్కడికి పోవాలో, ఏం పట్టుకుపోవాలో, ఎంతసేపు ఆగాలో చెబుతుంది. మూడోది పోయివస్తుంది. నాలుగోది తలుపు మూస్తుంది. ఈ నాలుగు మాటలు ఎక్కడ పుట్టాయో, ఇరవై అయిదేళ్లుగా వాటిని ఎవరు చూసుకుంటున్నారో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. నేనూ ఈ కోడే రాస్తూ బతికినవాణ్ని కాబట్టి ఆ కథ చెప్పాలని ఎప్పటినుంచో ఉంది.

నల్లగొండ పక్కనే పానగల్లు. అక్కడి నుంచి ఏలిన కందూరు చోడుల కాలం నాటి చెరువు ఉదయసముద్రం ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు వాన పడితేనే నిండేది. ఇప్పుడు నాగార్జునసాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువల మీదుగా అందులోకి తెస్తున్నారు. నీళ్లొచ్చే దారి మారిపోయింది, ఆయకట్టు రైతు చూసే తూము మాత్రం తూమే. పల్లెల్లో ఆ తూము తెరిచి మూసేవాణ్ని నీరటి అంటాం. ఏ మడికి ఎంతసేపు వదలాలో, కట్ట ఏ మూల ఊటపడుతోందో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పీహెచ్‌పీ భాషకు, బయటి ప్రపంచపు సర్వర్లకు నడుమ ఉన్న కర్ల్ ఎక్స్‌టెన్షన్ సరిగ్గా అలాంటి తూము. దానికీ నీరటులున్నారు.

చెరువు కథ, అంటే కర్ల్ కథ, ముందు చెప్పాలి. 1996లో స్వీడన్‌లో డేనియల్ స్టెన్‌బర్గ్ అనే ప్రోగ్రామర్ ఐఆర్‌సీ చాట్ గదిలో ఒక బాట్ నడుపుతున్నాడు. అక్కడివాళ్లు ఏ దేశపు డబ్బు ఏ దేశంలో ఎంతవుతుందని అడిగితే అది లెక్క కట్టి చెప్పాలని ఆయన కోరిక. మారకపు రేట్లు రోజూ వెబ్ నుంచి వాటంతటవే రావాలి. వెతికితే బ్రెజిల్‌కు చెందిన రఫాయెల్ సగులా రాసిన హెచ్‌టీటీపీగెట్ అనే చిన్న ప్రోగ్రాం దొరికింది. దాన్ని తీసుకుని దిద్దడం మొదలుపెట్టాడు. రేట్లు గోఫర్ సర్వర్లలోనూ ఉన్నాయని గోఫర్ చేర్చాడు. తర్వాత ఎఫ్‌టీపీ చేర్చాడు, దాంతో పాత పేరు చాలక 1997లో యూఆర్ఎల్‌గెట్ అయింది. పంపడం కూడా నేర్చాక ‘గెట్’ అన్న మాటే తప్పయింది. అలా 1998 మార్చి 20న కర్ల్ అన్న పేరుతో బయటికొచ్చింది. లెక్క పాత పేర్ల నుంచి కొనసాగించారు కనుక ఆ మొదటి కర్ల్ వెర్షన్ సంఖ్య 4.

అప్పటికది టెర్మినల్‌లో టైపు చేసి వాడుకునే పనిముట్టు. వేరే ప్రోగ్రాంలు దాన్ని తమలో కలుపుకోవాలంటే లోపలి యంత్రాన్ని విడదీసి లైబ్రరీగా ఇవ్వాలి. 2000 ఆగస్టు 7న కర్ల్ 7.1తో ఆ లైబ్రరీ వచ్చింది, పేరు లిబ్‌కర్ల్. నా దృష్టిలో కర్ల్ చరిత్రలో అసలు పెద్ద రోజు అదే.

ఆ ఏడాదే పీహెచ్‌పీ కూడా వేడి మీదుంది. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ 1995 జూన్‌లో నలుగురికీ ఇచ్చిన చిన్న పనిముట్ల మూట అది. ఇజ్రాయెల్ విద్యార్థులు జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మాన్స్ చేతిలో పడ్డాక 1998లో మూడో వెర్షన్‌గా మారింది. దాని బలమంతా ఎక్స్‌టెన్షన్లలోనే ఉంది: ఎవరైనా సీ భాషలో ఒక ముక్క రాసి భాషకు కొత్త చేయి అతికించవచ్చు. నాలుగో వెర్షన్ 2000 మేలో వచ్చింది. మూడు నెలలకే, లిబ్‌కర్ల్ విడుదలైన ఆ ఆగస్టులోనే, పీహెచ్‌పీ 4.0.2లో కర్ల్ ఫంక్షన్లు చేరాయి. రాసినవాడు స్టెర్లింగ్ హ్యూస్. లైబ్రరీ అలా వచ్చిందో లేదో ఇలా అందుకున్నాడు. తర్వాత పైథాన్‌కు పైకర్ల్, టీసీఎల్‌కు టీసీఎల్‌కర్ల్, ఇంకా రూబీ, లువా, ఆర్ భాషలకూ ఇలాంటివే వచ్చాయి. అయితే మన ఊళ్ల హోస్టింగ్ సర్వర్లలో ఎక్కువగా నడిచేది పీహెచ్‌పీ కనుక మనకు తగిలిన తూము ఇదే. బ్లాగులకు వాడే వర్డ్‌ప్రెస్, తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా బయటి సర్వర్లతో మాట్లాడేటప్పుడు దీన్ని వాడుకుంటాయి.

ఎక్స్‌టెన్షన్ రాయడమంటే రెండు పేర్లను జతచేయడమేగా అనుకుంటారు చాలామంది. చెరువుకూ పొలానికీ ఒకే మట్టం ఉండదు. పీహెచ్‌పీలో మాట రాసేవాడికి మెమరీ ఎక్కడ కేటాయించారో, ఎప్పుడు విడిచిపెట్టాలో పట్టదు, భాషే చూసుకుంటుంది. లిబ్‌కర్ల్ సీ భాషది, అక్కడ ప్రతి ముక్కకూ యజమాని ఉండాలి. 2007 వరకు లిబ్‌కర్ల్‌కు చిరునామా ఇస్తే అది నకలు తీసుకునేది కాదు, ఎక్కడుందో చూపించిన వేలునే గుర్తుపెట్టుకునేది. ఈలోగా పీహెచ్‌పీ ఆ మాటను చెరిపేస్తే ఖాళీ చోటికి పోయి చూసేది, సర్వర్ కూలేది. అందుకే ఎక్స్‌టెన్షనే ప్రతి మాటకూ ఒక నకలు తీసి, పని అయ్యేదాకా దాచి, తర్వాత విడిచిపెట్టేది. బయటికి ఒక్క వరసలా కనిపించే కర్ల్ సెటాప్ట్ వెనక ఇంత కాపలా ఉండేది.

మట్టం తేడాతో వచ్చిన ప్రమాదాల్లో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ‘ఒకటి’ కథ. ఒక సర్వర్‌తో రహస్యంగా మాట్లాడే ముందు రెండు సంగతులు చూడాలి. అది చూపిస్తున్న గుర్తింపు కార్డు అసలుదా, నకిలీదా? అసలుదే అయితే దాని మీదున్న పేరు మనం వెతుక్కుంటూ వచ్చినవాడిదేనా? రేషన్ కార్డు అసలుదే కావచ్చు, వేరేవాడిది కావచ్చు కదా. ఈ రెండో పరీక్షకు లిబ్‌కర్ల్‌లో మూడు విలువలుండేవి. సున్నా అంటే చూడొద్దు. రెండు అంటే పేరు సరిపోల్చు. నడుమ ఒకటి అంటే కార్డు మీద ఏదో ఒక పేరుంటే చాలు. పీహెచ్‌పీ రాసేవాడు దీన్ని ఎలా అర్థం చేసుకుంటాడు? పరీక్ష కావాలా, వద్దా అని అడిగినట్టే. కావాలి అన్న అర్థంతో ‘ట్రూ’ అని రాస్తాడు. పీహెచ్‌పీలో ట్రూ సంఖ్యగా మారితే ఒకటి. అంటే జాగ్రత్త కోసం రాసిన వరసే కాపలా ఎత్తేసింది. డీఫాల్ట్ రెండే ఉండేది, ఏమీ రాయనివాడే క్షేమం.

2012లో స్టాన్‌ఫర్డ్, టెక్సస్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ పొరపాటును ఎత్తిచూపారు. పెద్ద పెద్ద చెల్లింపు సేవల సంస్థలు వ్యాపారులకు ఇచ్చిన పీహెచ్‌పీ కోడ్‌లోనూ అదే ట్రూ ఉందని తేలింది. ఆ నవంబరులోనే లిబ్‌కర్ల్ 7.28.1 ఒకటిని అంగీకరించడం మానేసింది. ఇక్కడ చిక్కు చూడండి. లైబ్రరీ ఒప్పుకోను అంటే ప్రపంచమంతా ట్రూ రాసిపెట్టుకున్న సైట్ల గతేమిటి? అందుకే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్‌లో ఒకటి వస్తే రెండుగా మార్చి ముందుకు పంపి, రాసినవాడికి ఒక హెచ్చరిక వేశారు. పొలం ఎండనివ్వకుండా గండి పూడ్చడమంటే ఇదే. ఈ పని చేసినవాళ్లకు నేను మనసారా దండం పెడతాను.

రెండో గండి ఎట్ గుర్తుది. ఫైలు పంపాలంటే దాని దారికి ముందు ఎట్ గుర్తు పెట్టాలని తొలినాళ్లలో ఒక వాడుక ఉండేది. సులువే. కానీ ఫారంలో పేరు రాయమన్నచోట ఎవడైనా ఎట్ గుర్తుతో మొదలుపెట్టి సర్వర్‌లోని ఒక రహస్య ఫైలు దారి రాస్తే? కోడ్ దాన్ని యథాతథంగా వేరే చోటికి పంపుతుంటే ఆ ఫైలే కట్ట దాటి పోయేది. దీన్ని ఒక్కరోజులో తీసేస్తే ఫైళ్లు పంపే సైట్లన్నీ ఆగిపోతాయి. 2013లో పీహెచ్‌పీ 5.5తో కర్ల్‌ఫైల్ అనే కొత్త పద్ధతి ఇచ్చారు. 2014లో 5.6తో పాత పద్ధతిని డీఫాల్ట్‌గా ఆపి, కావలసినవాడు తెరుచుకునే వీలుంచారు. 2015 డిసెంబరులో 7.0తో ఆ వీలు కూడా పోయింది. రెండున్నరేళ్లు పట్టింది ఒక్క గుర్తు తీయడానికి.

పాత సర్వర్లది మరో బరువు. లిబ్‌కర్ల్‌లో సెటాప్ట్ ఎంపికలు ఇవాళ 300కు పైనే. ఏ వెర్షన్‌లో ఏది చేరిందో చూసి, ఉంటేనే కలుపు, లేకుంటే వదిలెయ్ అన్న షరతులు ఎక్స్‌టెన్షన్ కోడ్ నిండా ఉంటాయి. పీహెచ్‌పీ 8.0 కనీసం లిబ్‌కర్ల్ 7.29.0 కావాలంది. సెంట్‌ఓఎస్ 7 సర్వర్లలో ఉన్నది సరిగ్గా అదే. 8.4కు వచ్చాక గాని ఆ గీత 7.61.0కు జరగలేదు.

2021 సెప్టెంబరు 30 సాయంత్రం నాకు బాగా గుర్తు. మన గడియారంలో ఏడున్నర దాటగానే, సర్వర్లకు ఆ గుర్తింపు కార్డులిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రాలకు ఆధారంగా ఉన్న పాత మూలపత్రం గడువు తీరింది. ఆ కార్డులను పరీక్షించే ఓపెన్ఎస్ఎస్ఎల్ పాతది ఉన్నచోట కొత్త దారి ఉన్నా అది కనిపెట్టలేకపోయింది. నేను చూసే ఒక సర్వర్ నుంచి మెసేజ్‌లు పోవడం ఆగింది. పరీక్షే ఎత్తేయమని ఒకరు సలహా ఇచ్చారు, ఒక్క వరస మారిస్తే చాలన్నారు. నేను మూలపత్రాల మూటను కొత్తది తెచ్చి పెట్టాను. రాత్రి పదకొండయింది.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా ప్రాజెక్టుల కాంట్రాక్టర్లకు తెలుసు. మట్టి తవ్వి, రాయి మోసి కట్టలు పోసిన ఆ మనుషుల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. కర్ల్ వాళ్లు ఈ విషయంలో నాకు నచ్చుతారు. చిన్న దిద్దుబాటు చేసినవాడి పేరు కూడా కృతజ్ఞతల జాబితాలో రాసుకుంటారు. అందులో ఇవాళ 3,000 పైచిలుకు పేర్లున్నాయి. స్టెన్‌బర్గ్ ఏళ్ల తరబడి ఉద్యోగం చేస్తూ ఖాళీ వేళల్లో దీన్ని చూసుకున్నాడు. 2017లో ఆయనకు స్వీడన్‌లో పోల్‌హెమ్ బహుమతి వచ్చింది. 2019 నుంచే ఇది ఆయన పూర్తికాలపు పని. పీహెచ్‌పీ వైపు హ్యూస్ తర్వాత ఈ ఎక్స్‌టెన్షన్ బాధ్యతను పియెరిక్ షారోన్ చాలాకాలంగా మోస్తున్నాడు. 2021లో నికితా పొపోవ్ అనే ఒక్క ప్రోగ్రామర్ పక్కకు తప్పుకుంటే భాష మొత్తం ఏమవుతుందోనని అందరూ భయపడ్డారు. ఆ నవంబరులో పీహెచ్‌పీ ఫౌండేషన్ పెట్టి, పనిచేసేవాళ్లకు జీతమిచ్చే ఏర్పాటు చేశారు. ఇన్ని కోట్ల లావాదేవీలు నడిచే తూముకు అప్పటిదాకా అంత ఆసరా కూడా లేదన్నది నాకు బాధ.

ఇక నాలుగో మాట, క్లోజ్. 2020 నవంబరులో పీహెచ్‌పీ 8.0 వచ్చినప్పుడు కర్ల్ ఇనిట్ ఇచ్చేది ‘రిసోర్స్’ నుంచి ఆబ్జెక్ట్‌గా మారింది. చేతికొచ్చింది రిసోర్సేనా అని పరీక్షించే పాత కోడ్ ఆ రోజు నుంచి కాదన్న జవాబే పొంది, పని జరిగినా జరగలేదనుకుంది. ఆబ్జెక్ట్‌ను వాడేవారు లేరని తెలియగానే భాషే మూసేస్తుంది కనుక క్లోజ్ రాసినా రాయకున్నా ఒకటే అయింది. 2025 నవంబరులో 8.5 వస్తూ దాన్ని ఇక వాడొద్దని ప్రకటించింది. రాస్తే పని ఆగదు, లాగ్‌లో ఒక హెచ్చరిక పడుతుంది.

ఆ హెచ్చరిక చూసి మా ఊరి కుర్రవాడొకడు ఫోన్ చేశాడు.

“అన్నా, క్లోజ్ తీసేస్తే లైను తెరిచే ఉంటదా?”

“ఉండదు తమ్మీ. అయిదేండ్ల సంది అదే మూసుకుంటుంది.”

“మరి నేనింతకాలం రాసింది?”

“రాసినా ఏం చెడలేదు. ఇప్పుడు తీసేయ్.”

ఫైళ్లన్నీ వెతికి ఆ రాత్రే తీసేశానని పొద్దున మెసేజ్ పెట్టాడు.