28, 35, 135: సావో సింహాల కథలో ఏ లెక్కని నమ్మాలి?

ఈ ఎపిసోడ్‌లో మూడు అంకెల గురించి మాట్లాడుకుందాం. 28, 35, 135. మూడూ ఒకే ప్రశ్నకి వచ్చిన జవాబులు. ప్రశ్న ఏంటంటే, 1898లో ఇప్పటి కెన్యాలో ఉన్న సావో నది దగ్గర రెండు సింహాలు ఎంతమంది మనుషుల్ని చంపాయి? ఒకే సంఘటనకి ఇన్ని లెక్కలు ఎలా వచ్చాయి, వాటిలో దేన్ని ఎంతవరకు నమ్మొచ్చు అనేది చూద్దాం. ఆ సింహాల చేతిలో చనిపోయినవాళ్ళలో చాలామంది మన దేశం వాళ్ళు. అందుకే ఇది నాకు వట్టి వేట కథలా అనిపించదు.

ముందు ఈ రకం పుస్తకాల గురించి రెండు మాటలు. ఆఫ్రికా సఫారీ వేటగాళ్ళ రచనలకి నూటయాభై ఏళ్ళకి దగ్గరగా పాఠకులు ఉన్నారు. ఫ్రెడరిక్ సెలూస్ మొదటి పుస్తకం 1881లో వచ్చింది. అమెరికా అధ్యక్షుడిగా చేసిన రూజ్‌వెల్ట్ తన సఫారీ మీద 1910లో పుస్తకం వేశాడు. ఏనుగుల వేటగాడు డబ్ల్యూ. డి. ఎమ్. బెల్ పుస్తకం 1923లో, పీటర్ క్యాప్‌స్టిక్ పుస్తకం 1977లో వచ్చాయి. వీటన్నిటికీ ఒకటే ఇబ్బంది. అడవిలో జరిగిందానికి సాక్షి ఆయనే, హీరో ఆయనే, రాసిందీ ఆయనే. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. సర్వర్ పడిపోయింది, ఉన్నది ఒక్కటే లాగ్ ఫైల్, ఆ లాగ్ రాసింది కూడా పడిపోయిన ప్రోగ్రామే. అలాంటప్పుడు లాగ్‌ని పారేయం, పూర్తిగా నమ్మం కూడా. బయట ఇంకేం దొరుకుతుందో వెతుకుతాం.

బెల్ విషయమే తీసుకోండి. వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపానని రాశాడు. వినగానే గొప్పలు అనిపిస్తుంది. కానీ అది ఆయనకి వ్యాపారం. దంతాలు తూకం వేసి అమ్ముకునేవాడికి లెక్క రాసుకోక తప్పదు. మెదడు సరిగ్గా ఎక్కడుందో తెలుసుకోడానికి చచ్చిన ఏనుగు తలని రంపంతో కోయించి చూసిన మనిషి. ఇక క్యాప్‌స్టిక్ దగ్గరికి వస్తే, రాసినవన్నీ నిజంగా ఆయనకే జరిగాయా అన్న అనుమానం వేట పుస్తకాలు చదివేవాళ్ళలోనే ఉంది. అంటే వేటగాళ్ళందరినీ ఒకే గాటన కట్టలేం. ఒకే మనిషి రాసిన ఒకే పుస్తకంలో కూడా అన్ని మాటలకీ ఒకే విలువ ఉండదు. దీనికి మంచి ఉదాహరణ జాన్ హెన్రీ ప్యాటర్సన్. ఆయన 1907లో వేసిన పుస్తకం ‘ది మ్యాన్ ఈటర్స్ ఆఫ్ సావో’. దానికి ముందుమాట రాసింది సెలూసే.

కథ ఇదీ. బ్రిటిష్ వాళ్ళు 1896లో మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం వేయడం మొదలుపెట్టారు. పనికి ఇండియా నుంచి సుమారు 32,000 మంది కూలీల్ని ఒప్పందం మీద తీసుకెళ్ళారు. ఎక్కువమంది పంజాబ్ వాళ్ళు, కరాచీలో ఓడ ఎక్కారు. మన తెలుగువాళ్ళు ఇలాగే ఒప్పంద కూలీలుగా నాటాల్‌కీ, మారిషస్‌కీ, ఫిజీకీ వెళ్ళారు కదా, అదే పద్ధతి. సావో నది మీద వంతెన కట్టే పని ప్యాటర్సన్‌ది. ఐర్లండ్‌లో పుట్టాడు, ఇండియాలో సైన్యంలో పనిచేశాడు, హిందుస్తానీ మాట్లాడతాడు. 1898 మార్చి 1న మొంబాసాలో దిగాడు.

వచ్చిన కొద్ది రోజులకే గుడారాల్లోంచి కూలీలు మాయమవడం మొదలైంది. ఉంగన్ సింగ్ అనే సిక్కు జమాదారుని, తోటివాళ్ళు పక్కనే పడుకుని ఉండగా, సింహం గొంతు పట్టుకుని లాక్కెళ్ళింది. ముళ్ళకంచెలు వేశారు, రాత్రంతా మంటలు పెట్టారు. సింహాలు కంచె దూరి వచ్చేవి. ఇవి సింహాలు కావు, రైలు రావడం ఇష్టంలేని పాత దొరల ఆత్మలు అని కూలీలు చెప్పుకున్నారు. డిసెంబర్ నాటికి ఓపిక అయిపోయింది. వందలమంది రైలుకి అడ్డంగా పట్టాల మీద పడుకుని, బండి ఆపి, ఎక్కి సముద్రతీరానికి వెళ్ళిపోయారు. మూడు వారాలు పని ఆగిపోయింది. ఇది ప్యాటర్సన్ ఒక్కడి మాట కాదు. బ్రిటన్ ప్రధాని సాలిస్‌బరీ ప్రభువుల సభలోనే ఈ సంగతి చెప్పాడు. 1898 డిసెంబర్ 9న ఒక సింహాన్ని, 29న రెండోదాన్ని ప్యాటర్సన్ చంపాడు.

ఇప్పుడు నమ్మకం సంగతికి వద్దాం. పుస్తకంలో ప్యాటర్సన్ తన పరువు తీసే విషయాలు చాలానే రాసుకున్నాడు. ఒకసారి అరువు తుపాకీని నమ్ముకుని వెళ్ళాడు. తీరా సింహం ఎదురుగా వచ్చాక అది పేలలేదు. రైలు పట్టాలతో, స్లీపర్లతో పెద్ద బోను కట్టించి, లోపల కటకటాల వెనక సిపాయిల్ని కూర్చోబెట్టాడు. సింహం నిజంగానే బోనులోకి వచ్చింది. సిపాయిలు కంగారులో అటూ ఇటూ కాల్చారు. ఒక గుండు తలుపు ఊచకి తగిలి ఊచ ఊడిపోయింది, సింహం ఆ సందులోంచి బయటపడింది. ఇంకో రాత్రి మంచె మీద వణుకుతూ కూర్చుంటే, చెట్టు కొమ్మ అనుకుని గుడ్లగూబ వచ్చి ఆయన తలకి తగిలింది. గుండె ఆగినంత పనైంది అని రాసుకున్నాడు. గొప్పలు చెప్పుకోడానికి కూర్చున్నవాడు ఇవన్నీ రాయడు. అందుకే కళ్ళతో చూసినవాటి వరకు ఆయన్ని చాలావరకు నమ్మొచ్చు అనిపిస్తుంది నాకు.

రెండోది, ఈ కేసులో బయటి సాక్ష్యం మిగిలింది. ఇది చాలా అరుదు. ఆ రెండు తోళ్ళని పాతికేళ్ళు ఇంట్లో తివాచీల్లా వాడుకుని, 1924లో తోళ్ళనీ పుర్రెలనీ చికాగోలోని ఫీల్డ్ మ్యూజియానికి 5,000 డాలర్లకి అమ్మాడు. తివాచీల కోసం కత్తిరించిన తోళ్ళు కాబట్టి, మ్యూజియంలో నిలబెట్టిన సింహాలు అసలు సైజు కంటే చిన్నగా కనిపిస్తాయి. జూలు కూడా లేదు. మగ సింహాలే గానీ సావో ప్రాంతంలో చాలా మగ సింహాలకి జూలు సరిగ్గా రాదు.

తర్వాత వందేళ్ళకి ఆ ఎముకలు సాక్ష్యం చెప్పాయి. ఒక సింహానికి కోరపన్ను విరిగి, వేరు దగ్గర చీము పట్టి ఉందని 2000లో పరిశోధకులు చెప్పారు. పెద్ద జంతువుని పట్టి చంపడానికి ఆ నోరు పనికిరాదు, మనిషైతే తేలిక. దానికితోడు 1890లలో వచ్చిన పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాలో పశువుల్నీ అడవిదున్నల్నీ ఊడ్చేసింది. 2024లో పళ్ళ సందుల్లో ఇరుక్కున్న వెంట్రుకల డీఎన్‌ఏ చూశారు. జిరాఫీ, జీబ్రా లాంటి జంతువులతో పాటు మనిషి వెంట్రుక కూడా దొరికింది.

మన లెక్కకి ముఖ్యమైంది 2009 నాటి పరిశోధన. తిన్న తిండి ఆనవాళ్ళు శరీరంలో మిగులుతాయి. ఎముకలో చాలా ఏళ్ళ తిండి, వెంట్రుకలో చివరి కొన్ని నెలల తిండి. కార్బన్, నైట్రోజన్ ఐసోటోపుల్ని కొలిచి, ఆ సింహాల తిండిలో మనిషి మాంసం ఎంత శాతమో అంచనా వేశారు. ఒకటి సుమారు 24 మందిని, రెండోది సుమారు 11 మందిని తిన్నాయని తేలింది. మొత్తం 35. ఇది ఖాయమైన లెక్క కాదు, 4 నుంచి 72 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు. పైగా ఇది తిన్నవాళ్ళ లెక్క మాత్రమే. చంపి వదిలేసినవాళ్ళు ఇందులో రారు.

మరి 135 ఎక్కడిది? మ్యూజియానికి అమ్మిన తర్వాత, 1925లో, మ్యూజియం కోసం ప్యాటర్సన్ రాసిన చిన్న పుస్తకంలో ఉంది. 1907 పుస్తకంలో ఉన్నది 28 మంది భారతీయ కూలీలు, ఇంకా లెక్కలేని ఆఫ్రికన్లు అనే. అమ్మకం కోసమే అంకె పెంచాడని నేను అనను, దానికి రుజువు లేదు. కానీ వరుస చూడండి. సంఘటన జరిగిన తొమ్మిదేళ్ళకి లెక్క లేదన్న చోట, పాతికేళ్ళు దాటాక ఖచ్చితమైన లెక్క వచ్చింది. కొత్త రికార్డు దొరికి అంకె మారితే ఒప్పుకోవచ్చు. వట్టి కాలం గడిచి అంకె మారితే ఆలోచించాలి.

ఇక్కడిదాకా విని చాలామంది, సరే, 135 అబద్ధం, 28 నిజం అనేస్తారు. నేను అసలు ఈ ఎపిసోడ్ చేసింది ఇక్కడ ఆగమని చెప్పడానికే. 28 అనేది ఎవరి లెక్క? రైల్వే వాళ్ళది. కూలీకి ఒప్పందం ఉంది, హాజరు పట్టీ ఉంది, జీతం ఉంది. మనిషి పోతే పట్టీలో పేరు కొట్టేయాలి. అందుకని భారతీయుల లెక్క మిగిలింది. చుట్టుపక్కల ఊళ్ళలో చనిపోయిన ఆఫ్రికన్లు ఆ పట్టీలో లేరు. వాళ్ళకి అధికారిక రికార్డు లేదని ప్యాటర్సనే రాశాడు. కాబట్టి 28 అంటే సింహాలు చంపినవాళ్ళ సంఖ్య కాదు, రైల్వే జీతాల పట్టీలోంచి పోయినవాళ్ళ సంఖ్య. అలాగే 35లోంచి 28 తీసేసి, ఏడుగురే ఆఫ్రికన్లు అనడం కూడా తప్పు. రెండూ వేరే వేరే పద్ధతుల్లో వచ్చిన అంకెలు.

ఇంకో లెక్క చెప్తాను. ఆ రైలు మార్గం పనిలో చనిపోయిన భారతీయ కూలీలు మొత్తం దాదాపు 2,500 మంది. ఎక్కువగా రోగాల వల్ల, ప్రమాదాల వల్ల. సింహాల చేతిలో పోయినవాళ్ళు 28. అంటే నూటికి ఒక్కరు. మిగిలిన 99 మంది గురించి మనకి తెలిసిన పుస్తకం ఉందా? సినిమా ఉందా? విరేచనాలతో చనిపోయిన కూలీ కథలో హీరోకి తుపాకీ పట్టుకునే పని లేదు మరి. ఈ పుస్తకాల అసలు ప్రభావం ఇదే అంటాను నేను. ఒక్క అబద్ధం ఆడక్కర్లేదు. ఏ చావు కథ అవుతుంది, ఏ చావు కాదు అనేది వేటగాడే తేల్చేస్తాడు.

అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. మేస్త్రీ పని రాకపోయినా కొందరు మేస్త్రీల జీతం తీసుకుంటున్నారని ప్యాటర్సన్‌కి అనుమానం వచ్చింది. మేస్త్రీకి నెలకి 45 రూపాయలు, మామూలు కూలీకి 12. పనిని బట్టి జీతం అని కొత్త పద్ధతి పెట్టాడు. వాళ్ళు ఆయన్ని చంపడానికి కుట్ర పన్నారని రాశాడు. కావచ్చు. కానీ 45 నుంచి పడిపోయే జీతం ఆ మనిషికి ఏమిటో, ఇంటికి పంపే డబ్బు ఎంత తగ్గిందో వాళ్ళ వైపు నుంచి ఎవరూ రాయలేదు. సింహాలు చచ్చాక అవే కూలీలు ఆయనకి వెండి గిన్నె ఇచ్చారు, రోషన్ అనే మేస్త్రీ పద్యం రాశాడు. ఆ పద్యం కూడా పుస్తకంలో మనకి దొరికేది ఇంగ్లీషు అనువాదంలోనే.

ఇక సినిమాలు. 1952లో వచ్చిన ‘బ్వానా డెవిల్’ త్రీడీ సినిమాల మోజుని మొదలుపెట్టింది, దానికి ఆధారం ఈ సింహాలే. 1996లో ‘ది ఘోస్ట్ అండ్ ది డార్క్‌నెస్’ వచ్చింది. వాల్ కిల్మర్ ప్యాటర్సన్, మన ఓం పురి కూలీల నాయకుడు. మైకేల్ డగ్లస్ వేసిన అమెరికన్ వేటగాడి పాత్ర పూర్తిగా కల్పితం. సింహాలకి గుబురు జూలు కూడా పెట్టేశారు. నిజంగా ఉన్నది తీసేసి, లేనిది చేర్చారు.

ఈ ప్రభావం మన అడవుల దాకా వచ్చింది. జిమ్ కార్బెట్ 1944 పుస్తకం పేరు చూడండి, ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావున్’. మన బొల్లారంలో పుట్టి, చిత్తూరు వైపు అడవుల్లో కూడా తిరిగి వేట కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్‌ని చదివినప్పుడు కూడా ఇదే ప్రశ్న వస్తుంది, ఇందులో ఎంత జరిగింది అని.

నా మట్టుకు నేను ఈ పుస్తకాలు మానను. మీరూ మానక్కర్లేదు. చదివేటప్పుడు మూడు విషయాలు విడివిడిగా చూడండి. ఒకటి, ఇది ఆయన కళ్ళతో చూసిందా, విన్నదా? రెండు, అంకె ఉంటే ఆ లెక్క ఎవరు, ఎందుకు రాసుకున్నారు? మూడు, ఇదే సంఘటనలో ఉండి, రాసే అవకాశం లేనివాళ్ళు ఎవరు? మొదటి పరీక్షలో ప్యాటర్సన్ బాగానే నెగ్గుతాడు. రెండోదాంట్లో 135 దగ్గర తడబడతాడు. మూడోది ఆయన ఒక్కడు ఇవ్వగలిగే జవాబు కాదు. ఉంగన్ సింగ్ పేరైనా మనకి తెలుసు. సావో చుట్టుపక్కల ఊళ్ళలో పోయినవాళ్ళకి పేరు కాదు కదా, సరైన అంకె కూడా లేదు.

మీరు చదివిన వేట పుస్తకాల్లో ఇలా లెక్క తేలని సంగతులు ఉంటే కామెంట్స్‌లో రాయండి, వీలైనవాటిని ఇంకో ఎపిసోడ్‌లో చూద్దాం.