రాయచూరు సీమ తెలుగువారు – గ్రామఫోను ప్లేట్లు

రాయచూరు మండలమునకు ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర ప్రవహించుచున్నవి. ఈ నడిమి సీమ చరిత్రను వ్రాయువారు 1520 నాటి రాయచూరు యుద్ధమును, 1915లో మస్కియందు దొరకిన అశోకుని శిలాశాసనమును తప్పక పేర్కొందురు. రాతిపై చెక్కిన అక్షరమునకు మనము ఇచ్చు గౌరవము, పలకపై చెక్కిన కంఠధ్వనికి ఇంకను ఇచ్చుట లేదు. గ్రామఫోను ప్లేటు సైతము ఒక శాసనమే. దానికి సంఖ్య కలదు, పాడినవారి పేరు కలదు, భాష కలదు. ఈ వ్యాసమున ఆ ధ్వనిశాసనముల చరిత్రను, ఈ సీమ తెలుగువారికి వానితో గల సంబంధమును సంగ్రహముగా తెలుపుదును.

ఎడిసన్ 1877లో ధ్వనిని స్తూపముపై నిలిపెను. బెర్లినర్ 1887లో గుండ్రని బల్లపరుపు పలకను కల్పించెను. 1902లో గైస్‌బర్గ్ అను నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను పలకల కెక్కించెను. నాటి గాయకులు పాట ముగియగానే తమ పేరును తామే చెప్పుకొనెడివారు. పలకలు జర్మనీలోని హానోవరు నగరమున ముద్రితము లగుచుండెను. అచ్చటి పనివారికి ఎవరి పాట యేదో తెలియవలెను గదా! 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసిన పిదప ఈ పని మన దేశముననే సాగెను. ఈ పలకలకు ముఖ్య ద్రవ్యము లక్క. లోకమునకు లక్కను విశేషముగా ఎగుమతి చేసినది మన దేశమే.

నిమిషమునకు 78 మారులు తిరుగు పది అంగుళముల పలకపై ఒక్కొక ప్రక్కన సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే ఇమిడెడిది. ఈ కొలత మన సంగీతమును మార్చినది. రంగస్థలముపై నటుడు ఒక పద్యమును ప్రేక్షకుల ‘వన్స్ మోర్’ కేకల నడుమ ఎంతసేపైనను సాగదీయవచ్చును. ప్లేటుపై ఆ స్వేచ్ఛ లేదు. రాగమును కుదించి, సంగతులను ఏరి, పద్యమును గడువులోపల ముగింపవలసి వచ్చెను. పిమ్మట పల్లెలయందు పద్యము నేర్చినవారు పెక్కుమంది ప్లేటు వినియే నేర్చినందున, ఆ కుదించిన బాణీయే వారికి ప్రమాణ మయ్యెను.

బొంబాయి నుండి వచ్చిన ఇనుపదారియు, మదరాసు నుండి వచ్చిన ఇనుపదారియు 1871లో కలిసికొన్నది రాయచూరుననే. రెండు మహానగరముల సరకులకును ఇది కూడలి. పొరుగున బళ్లారి కలదు. ధర్మవరము కృష్ణమాచార్యులవారును, బళ్లారి రాఘవగారును తెలుగు నాటకమును పెంచి పోషించిన తావది. 1956 నవంబరు 1 వరకు రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఇట్లు కన్నడము, తెలుగు, ఉర్దూ, మరాఠీ వినబడు ఈ సీమలో ఒకే యింటి ప్లేట్ల పెట్టెలో నాలుగు భాషల పలకలుండుట వింత కాదు.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియై ఎడమ కాలువకు నీరు వచ్చిన పిదప, కోస్తా జిల్లాల రైతులు పెక్కుమంది సింధనూరు, మాన్వి ప్రాంతములకు వచ్చి భూములు కొని ‘క్యాంపులు’ కట్టుకొనిరి. ఆ క్యాంపులలో పెండ్లి యనినచో మైకు కట్టి ప్లేట్లు వేయుట ఆచారముగా నుండెనని పెద్దలు చెప్పుదురు. ఘంటసాలవారి ‘పుష్పవిలాపము’, ‘కుంతీకుమారి’ ఎన్నిమారులు వేసినను విసుగు పుట్టెడిది కాదట. బడి లేని చోట ప్లేటే తెలుగు బడి యయ్యెననుట అతిశయోక్తి కాదు.

1948లో అమెరికాలో దీర్ఘవాద్య పలక వెలువడెను. నిమిషమునకు ముప్పది మూడున్నొకమూడవవంతు మారులు మాత్రమే తిరుగు ఈ వినైల్ పలకపై ఒక ప్రక్కననే ఇరువది నిమిషములకు పైగా సంగీతము పట్టెను. 1955లో అలీ అక్బరు ఖాను అమెరికాలో రెండు రాగములతో ఇట్టి పలక నిచ్చెను. 1960ల చివరి యేండ్లలో పాశ్చాత్య రాక్ గాయకులు పలకను విడిపాటల మూటగా గాక ఏకకావ్యముగా కూర్చిరి. 1967 నాటి బీటిల్సువారి ‘సార్జెంట్ పెప్పర్స్’ ఇందుకు ప్రసిద్ధోదాహరణము. వారిలో జార్జి హారిసన్ 1968 జనవరిలో బొంబాయి స్టూడియోకు వచ్చి మన వాద్యకారులతో ‘వండర్‌వాల్’ సంగీతమునకు కొంత భాగము రికార్డు చేసెను. మరియొక విశేషము: ఇతర దేశములలో 78 పలకలు ఇంచుమించు ఆగిపోయిన పిదపను మన దేశమున అవి సాగెను. విద్యుత్తు లేని ఊళ్లలో కీ ఇచ్చి ముల్లు మార్చు పెట్టెలే యుండుట ఇందుకు కారణము. కావున బీటిల్సు పాటలు సైతము ఇచ్చట 78 పలకలపై వెలువడెను. వానికై నేడు విదేశీయులు వెదకుచున్నారు.

ఈ గాలి రాయచూరును తాకకపోలేదు. ఇచ్చట 1920లో హమ్‌దర్ద్ పాఠశాలను నెలకొల్పిన పండిత తారానాథుని కుమారుడు రాజీవ తారానాథుడు (1932–2024) అలీ అక్బరు ఖానుకు శిష్యుడై సరోదు విద్వాంసుడుగా ప్రపంచఖ్యాతి గాంచెను.

తెలుగిండ్లకు దీర్ఘవాద్య పలకను చేర్చినవి భక్తిగానములు. 1963లో సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతము వెలువడెను. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలవారు దివంగతులైరి. తుదికాలమున వారు పాడిన భగవద్గీత పిదప వెలువడి ఇంటింట మ్రోగెను. 1980లలో క్యాసెట్లు రాగా ప్లేట్లు అటక లెక్కినవి.

నేడు ఆ పాటలు పెక్కు చేతిఫోనులో దొరకుచుండగా ప్లేట్లు దాచుట యేల యని కొందరందురు. పాట దొరకవచ్చును, ప్లేటు చెప్పు తక్కిన సంగతులు దొరకవు. కాగితపు కవరుపై అంగడి ముద్ర యుండును. చీటిపై యజమాని పేరుండును. ఒక ప్లేటును తెనాలిలో కొనిరా, బళ్లారిలో కొనిరా, సికింద్రాబాదులో కొనిరా యను దానినిబట్టి ఆ కుటుంబము వచ్చిన త్రోవ తెలియును. అరిగిన గీతలను చూచినచో ఆ యింట ఏ పాట ఎక్కువ వినిరో తెలియును. వలస వచ్చిన మన పెద్దలు తమ చరిత్రను వ్రాసిపెట్టలేదు. ఈ ముద్రలు, గీతలు ఆ చరిత్రకు మిగిలిన ఆధారములలో కొన్ని.

మదరాసులో వి.ఎ.కె. రంగారావుగారు వేలకొలది 78 పలకలను సేకరించి, ఒక్క వ్యక్తి ఎంత చేయగలడో నిరూపించిరి. మనకు అంత శక్తి లేకున్నను పట్టిక వ్రాయుట కష్టము కాదు. ప్లేటు సంఖ్య, కంపెనీ, పాడినవారు, అంగడి ముద్ర, యజమాని ఊరు — ఈ ఐదు వివరములు చాలును. లక్క పలకలను నిలువుగా పేర్చవలెను; ఎండ తగులనీయరాదు; జారిపడిన పగిలిపోవును. మా బడిలో తెలుగు చదువు పిల్లలు ఏటేట తగ్గుచున్నారు. ఉన్న పిల్లల చేతనైనను తమ తాతల యింటి అటకలు వెదకించి ఈ పట్టికను వ్రాయించినచో, వారికి లిపియు అలవడును, వంశమును తెలియును. ప్లేట్లు గలవారును, వానిని ఎరిగిన వృద్ధులును ఉండగనే ఈ పని మొదలు పెట్టుట మేలు.