పారిపోవడానికి చోటుంది

రాతి తలుపు మీద రెండు అరచేతులూ ఆనించి గట్టిగా నెట్టండి. అది మూలుగుతూ కదులుతుంది. ఇంతసేపూ సమాధుల మధ్య చీకట్లో తడుముకున్న కళ్ళకి వెలుగు కొట్టినట్టు తగులుతుంది. ముందు గాలి వినిపిస్తుంది. తర్వాత గడ్డి కనిపిస్తుంది, గాలివాటుకి ఒకవైపే వాలిపోతూ. దాని వెనక కూలిన గోడలు, కొండచరియలు, దూరంగా కొండకొమ్మున ఒక పెద్ద కోట. వీటన్నిటి పైన, ఆకాశంలో సగం ఆక్రమించుకుని, బంగారు రంగులో వెలిగే మహావృక్షం. దాని పేరు ఎర్డ్‌ట్రీ. మీరు నిలబడ్డ నేల పేరు లిమ్‌గ్రేవ్.

2022 ఫిబ్రవరి 25, శుక్రవారం. ‘ఎల్డెన్ రింగ్’ విడుదలైన రోజు. టోక్యోలోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తయారుచేసిన గేమ్ ఇది. దర్శకుడు హిదెతాకా మియాజాకి. ఈ లోకపు పూర్వగాథ రాసింది జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. పది రకాల పాత్రల్లోంచి మీరు సామురాయ్‌ని ఎంచుకున్నారు, కత్తీ విల్లూ రెండూ మొదట్లోనే చేతికొస్తాయని. ఆట మొదలై గంట కాలేదు, అప్పుడే ఒకసారి చచ్చారు కూడా. మొదట కళ్ళు తెరిచిన పాడుబడ్డ చర్చి బయట, వంతెన దాటగానే, ఒంటినిండా ఎవరెవరి చేతులో అతికించుకున్న ఒక జీవి మీ మీద పడింది. అక్కడ గెలిచేవాళ్ళు చాలా తక్కువ. గెలిచినా కాళ్ళ కింద నేల కూలిపోతుంది.

చెవులకి హెడ్‌సెట్ ఉంది. డిస్కార్డ్ కాల్‌లో ఇంకో ఇద్దరు. ఒకడు వైజాగ్‌లో ఉన్నాడు, ఈ కంపెనీ పాత గేములన్నీ ఆడినవాడు. ఇంకొకడు వరంగల్ వాడు, డల్లాస్‌లో ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చున్నాడు. ఇలాంటి గేమ్ వాడికి ఇదే మొదటిది.

“బయటికొచ్చావేట్రా? ఎదురుగా బంగారు గుర్రం మీద ఒకడు తిరుగుతున్నాడు, చూశావా?”

చూశారు. దారి మధ్యలో గుర్రానికీ మనిషికీ కలిపి బంగారు కవచం. చేతిలో మనిషికంటే పొడుగైన ఆయుధం. అటూ ఇటూ తీరిగ్గా పహరా కాస్తున్నాడు. పేరు ట్రీ సెంటినెల్.

“గా గుర్రపోడు నన్ను ఏడుసార్లు సంపిండు మామా,” అంటాడు డల్లాస్ వాడు. గొంతులో ఏడుపు లేదు, పట్టుదల ఉంది.

మీరూ వెళ్తారు. వెళ్ళకుండా ఎలా ఉంటారు? గేమ్ మొదట్లో ఎదురయ్యే శత్రువు ఓడిపోవడానికే ఉంటాడని ఇన్నేళ్ళుగా అలవాటైపోయింది. కత్తి దూసి పరిగెత్తుతారు. మీ రెండు దెబ్బలకి వాడి ఆరోగ్యం గీత వెంట్రుకవాసి తగ్గుతుంది. గుర్రం వెనక్కి తిరిగి ఎగురుతుంది. తెర మీద ఎర్రటి అక్షరాలు: యూ డైడ్.

మళ్ళీ ఆ రాతి తలుపు దగ్గరే లేస్తారు. మీ రూన్‌లు, అంటే ఈ లోకపు డబ్బూ అనుభవమూ అన్నీ అవే, చచ్చిన చోట నేలమీద మెరుస్తుంటాయి. ఈసారి రోడ్డు వదిలేసి చెట్లలోకి దిగండి. పొదలో వంగి కూర్చోండి. గుర్రం డెక్కల చప్పుడు దగ్గరికొచ్చి, కాస్త ఆగి, దూరమవుతుంది. లేచి, చుట్టు తిరిగి, రూన్‌లు ఏరుకుని ముందుకు నడవండి. ఎవరూ ఆపరు. వాడిని చంపితేనే దారి అని ఎక్కడా రాసిలేదు.

“బతికుంటే బలుసాకు తినొచ్చు,” అంటాడు వైజాగ్ వాడు. “తర్వాత వద్దాం వాడికోసం.”

ఈ గేమ్ ఎంత పెద్దదో విడుదలైన వారమంతా అందరూ చెప్పుకున్నారు. పెద్ద మ్యాప్‌లున్న గేములు ఎన్నో వచ్చాయి. నన్ను కట్టిపడేసింది ఆ కొలత కాదు, ఆ వైశాల్యం దేనికి పనికొస్తుందన్నది. 2011 నాటి ‘డార్క్ సోల్స్’ దగ్గర్నుంచి 2019 నాటి ‘సెకీరో’ దాకా, ఎందరో ఆటగాళ్ళు ఏదో ఒక బాస్ (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు) దగ్గర చిక్కుకుని, రోజుల తరబడి గోడకి తల బాదుకుని, ఇది మనవల్ల కాదని మూసేసి వెళ్ళిపోయారు. ఇక్కడ ఆ గోడ అలాగే ఉంది, ఎత్తు ఏమీ తగ్గలేదు. తేలిక చేసే ఆప్షన్ ఇప్పుడూ లేదు. కానీ గోడకి అటూ ఇటూ మైళ్ళకొద్దీ నేల ఉంది. ఓడిపోయినవాడికి వెళ్ళడానికి ఇంకో చోటుంది. బంగారు గుర్రమోణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి ఆ సంగతి చెప్పారు. ఇంత గౌరవంగా పాఠం చెప్పిన గేమ్ నేను ఇంకోటి చూడలేదు.

కొంచెం ముందుకి వెళ్తే పైకప్పు లేని ఒక చర్చి. ఎల్లే చర్చి. లోపల ఒక చిన్న మంట, ఎర్ర దుస్తుల్లో ఒక వ్యాపారి, పక్కన వాడి గాడిద. 300 రూన్‌లు పెట్టి క్రాఫ్టింగ్ కిట్ కొనండి. కాసేపు వాడి ఎదుట నిలబడండి. ఈ దేశంలో మిమ్మల్ని చంపాలనుకోని మనుషులు తక్కువ.

చర్చి చుట్టూ నేలమీద వెలిగే రాతలున్నాయి. ఇవి వేరే ఆటగాళ్ళు, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో, వదిలిన మెసేజ్‌లు. తోచినట్టు రాయడానికి లేదు. గేమ్ ఇచ్చిన కొన్ని మాటలని పేర్చుకోవాలి. ముందు శత్రువున్నాడని ఒకరు హెచ్చరిస్తారు. గోడ వెనక రహస్య దారి ఉందని ఇంకొకరు. మీరు గోడని పది దెబ్బలు కొడతారు, ఏమీ ఉండదు. కొండ అంచున ‘దూకి చూడు’ అని ఒకరు రాస్తారు. పక్కనే నెత్తుటి మరకలు. వాటిని తాకితే, ఆ మాట నమ్మి దూకినవాళ్ళ ఎర్రటి నీడలు మీ కళ్ళముందే మళ్ళీ దూకుతాయి. తాబేలు కనిపించిన ప్రతిచోటా ‘కుక్క’ అని రాసిపెడుతున్నారు. ఎందుకని అడక్కండి, రెండు రోజుల్లో మీరూ రాస్తారు. గేమ్ దారి చెప్పదు కాబట్టి ఆడేవాళ్ళే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

ఉత్తరంగా వెళ్తే సైనికుల డేరాలు, కూలిన ఇళ్ళు. అక్కడ రోడ్డు పక్కన ఒక రాతి స్తంభం ఉంది. దాని దగ్గరే మ్యాప్ ముక్క దొరుకుతుంది. ఈ దేశంలో పటం కూడా వెతుక్కోవాల్సిందే. దగ్గర్లోని గ్రేస్ దగ్గర కూర్చోండి. నేలలోంచి ఆవిరిలా లేచే బంగారు వెలుగుని గ్రేస్ అంటారు. కూర్చుంటే దెబ్బలు మానతాయి, చంపిన శత్రువులూ మళ్ళీ లేస్తారు. ఈసారి మీ పక్కన ఒక అమ్మాయి వచ్చి కూర్చుంటుంది. పేరు మెలీనా. రూన్‌లని బలంగా మారుస్తానంటుంది, ఒక ఈల ఇస్తుంది. ఆ ఈల వేస్తే గాలిలోంచి కొమ్ముల గుర్రం మీ కాళ్ళ కిందికే వస్తుంది. టోరెంట్. గాల్లో ఉండగానే ఇంకోసారి ఎగరగలదు.

ఇక ఆగరు మీరు. నడిచినప్పుడు భయంగా కనిపించిన మైదానం, గుర్రం మీద మీ సొంతమవుతుంది. కాల్‌లో ముగ్గురూ కేకలు వేస్తున్నారు. సరస్సు ఒకటి కనిపిస్తుంది, లోతులేని నీళ్ళు. నీళ్ళ మధ్య కొందరు మంట చుట్టూ కూర్చుని ఉన్నారు. సంగీతం మారుతుంది. నీడ పడుతుంది. ఆకాశంలోంచి డ్రాగన్ దిగి ఆ మంటమీదే వాలుతుంది. రెక్కల గాలికి నీళ్ళు చెదిరిపోతాయి. కాళ్ళకి బుద్ధి చెప్పండి. గుర్రం ఉన్నది అందుకే.

సరస్సు ఒడ్డున కాలిపోయిన శిథిలాలున్నాయి. ఊపిరి పీల్చుకోవడానికి అక్కడి నేలమాళిగలోకి దిగుతారు. లోపల ఒక పెట్టె. తెరుస్తారు.

పెట్టెలోంచి పొగ వచ్చి చుట్టుకుంటుంది. పొగ తగ్గేసరికి మీరు అక్కడ లేరు. చీకటి గుడిసె. బయట సొరంగం, గోడల్లో స్ఫటికాలు. పురుగుల్లాంటి పొడుగాటి జీవులు తిరుగుతున్నాయి. ఒకటి మిమ్మల్ని చూస్తుంది. వెంటాడే దారాల్లాంటివి విసురుతుంది, ఒక్కసారికే సగం ప్రాణం పోతుంది. మ్యాప్ తెరిచి పాత చోటికి ఎగిరిపోదామనుకుంటారు. సొరంగంలో ఉన్నంతసేపూ అది కుదరదు.

“ఎక్కడున్నావురా?”

“తెలీదు.”

“మ్యాప్ చూడు.”

మ్యాప్ చూస్తారు. ఇందాకటిదాకా ఇదే మొత్తం అనుకున్న పటం ఒక్కసారిగా వెనక్కి జరిగింది. లిమ్‌గ్రేవ్ ఒక మూలన ఉంది. మీ గుర్తు తూర్పున ఎక్కడో, ఖాళీగా ఉన్న బూడిదరంగులో. గుండె ఝల్లుమంటుంది. నాకు తెలిసిన ప్రతి ఆటగాడూ ఈ ఒక్క క్షణం గురించి చెబుతాడు. దెబ్బ తిన్న కోపం, దోచుకోబడ్డ భావం, దాని వెంటే ఆపుకోలేని సంతోషం: ఇంకా ఇంత ఉందా!

గోడ వారగా పరిగెత్తండి. దొర్లండి. చచ్చి లేచి మళ్ళీ పరిగెత్తండి. సొరంగం నోరు కనిపిస్తుంది. బయటపడితే ఆకాశం ఎర్రగా, కుళ్ళిన పుండులా ఉంటుంది. నేలంతా అదే రంగు. ఇల్లంత కుక్కలు. ఇది కేలిడ్. మన జానపద కథల్లో రాజకుమారుడికి తల్లి చెప్పి పంపేది, మూడు దిక్కులకీ వెళ్ళు నాయనా, నాలుగో దిక్కుకి మాత్రం వెళ్ళకు అని. ఇక్కడ ఆ మాట చెప్పేవారు కూడా లేకుండా మిమ్మల్ని నాలుగో దిక్కులోకి ఎత్తి విసిరేశారు. అయితే ఇప్పుడు బయట ఉన్నారు కాబట్టి మ్యాప్‌లోంచి ఎగిరిపోవడం కుదురుతుంది. లిమ్‌గ్రేవ్‌కి తిరిగి వెళ్ళొచ్చు. వెళ్తారా, రెండడుగులు ముందుకేసి చూస్తారా?

కాల్‌లో ఎవరూ మాట్లాడరు. డల్లాస్ వాడే అంటాడు: “జర ముందుకు పోరా, సూద్దాం.”

తర్వాతి రోజులు ఇలాగే గడుస్తాయి. అడవిలో ఒక గుండ్రటి కట్టడం, లోపల లిఫ్ట్. ఎక్కితే దిగుతూనే ఉంటుంది. ఇక చాలు అనుకున్నాక కూడా దిగుతుంది. ఆగినచోట, భూమి అడుగున, నక్షత్రాలు. సియోఫ్రా నది. మూడు వందల గంటలు గేములాడినవాడు కూడా అక్కడ కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తాడు.

కోట ముందరి వంతెన మీద మార్గిట్ ఉన్నాడు. పాత ఆటగాళ్ళ గర్వం అణిచింది వీడే. కర్ర ఎత్తి గాల్లోనే ఆపుతాడు. మీరు ఓర్చుకోలేక దొర్లుతారు. అప్పుడు కొడతాడు. వైజాగ్ వాడు రాత్రంతా వీడితోనే ఉన్నాడు. ఒక పోరులో తన ప్రాణం చివరి గీతకొచ్చింది, మందు సీసాలు ఖాళీ. సరిగ్గా అప్పుడు గీత మొత్తం నిండిపోయింది. ఎక్కడో ఎవరో, ఎప్పుడో తను రాసిపెట్టిన మెసేజ్‌ని చదివి బాగుందని నొక్కారు. అలా నొక్కినప్పుడు రాసినవాడికి ప్రాణం నిండుతుంది. మార్గిట్ పడ్డాడు. వాడు కాల్‌లో కాసేపు మాట్లాడలేకపోయాడు.

వరంగల్ వాడు మార్గిట్‌తో రెండుసార్లు ఓడి, దక్షిణానికి గుర్రం తిప్పాడు. చిన్న గుహలు, చిన్న బాస్‌లు, మెల్లగా బలం. తిరిగొచ్చి కొట్టాడు. నిజానికి కోట పక్కన కొండ అంచున ఒక దారి ఉంది. ఆ దారిన పోతే మార్గిట్‌నీ, కోటనీ ముట్టుకోకుండానే వెనకున్న లియూర్నియాకి చేరొచ్చు. ఎవరి దారి వాళ్ళది. ముగ్గురూ ఒకే వారం ఆడి మూడు వేరే కథలు చెప్పారు.

తప్పులు లేవని చెప్పను. పీసీలో మొదటి రోజుల్లో బొమ్మ ఉన్నట్టుండి ఆగి కదిలేది, స్టీమ్‌లో తొలి రివ్యూలు మిశ్రమంగా వచ్చింది అందుకే. అది న్యాయమైన ఫిర్యాదు. ఎవరు ఏ పని అప్పగించారో రాసి ఉంచే చోటు గేమ్‌లో లేదు. రోడ్డు పక్కన పొద ఒకటి మాట్లాడుతుంది. దాన్ని కొడితే, పాపం, బోక్ అనే జీవి ఒకడు బయటపడతాడు. కొట్టకపోతే వాడి కథే మీకు తెలియదు. మార్చి 17న వచ్చిన అప్‌డేట్‌తో కలిసిన మనుషుల గుర్తులు మ్యాప్ మీదికి వచ్చాయి. అది కావాల్సిన మార్పే. ఉద్యోగం, పిల్లలు ఉండి వారానికి రెండుసార్లు మాత్రమే ఆడగలిగేవాడు అన్నీ గుర్తుపెట్టుకోవాలనడం సరికాదు. అంతకు మించి ఇంకేదీ మార్చకూడదని మాత్రం గట్టిగా అంటాను. మ్యాప్ నిండా బాణాలు, చేయాల్సిన పనుల చిట్టా పెట్టి ఉంటే, ఆ పెట్టె తెరిచిన క్షణం ఎవరికీ దక్కేది కాదు.

విడుదలైన మూడు వారాల్లోపే 1 కోటి 20 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. కష్టమైన గేములు కొద్దిమందికే అన్న మాట దానితో పోయింది. ఆ డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ గేమ్‌గా నిలిచింది.

ఇప్పుడు మొదలుపెట్టబోయేవారికి ఒక్క విన్నపం. గుర్రం దొరికాక ఎల్లే చర్చికి ఓసారి తిరిగి వెళ్ళండి. అక్కడ పెద్ద టోపీ పెట్టుకున్న ఒకామె, తోడేళ్ళని తోడుగా పిలిచే గంట ఇస్తుంది. చాలామంది ఇది తెలియక ఒంటరిగా కష్టపడ్డారు. నేను చెప్పేది ఇంతే. మిగతాదేదీ, కనీసం లిమ్‌గ్రేవ్ దాటేదాకా, వీడియోల్లో వెతక్కండి. చిక్కుకుంటే ఇంకో దిక్కుకి వెళ్ళండి, లేదా ఆడుతున్న స్నేహితుడికి ఫోన్ చేసి అడగండి.