పిల్లికి నీళ్ళెవరు పెట్టారు?

మొన్న వేసవిలో మా పిల్లిని హడావిడిగా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సొచ్చింది. మగపిల్లి, నాలుగు కేజీలుంటుంది. పొద్దున్నించీ లిట్టర్ బాక్సులోకి వెళ్ళటం, కూర్చోవటం, ఏమీ రాకుండానే లేచి రావటం. డాక్టరుగారు పొట్ట తడిమి చూసి, మూత్రం దారి మూసుకుపోయిందన్నారు. ఇంకో రోజు ఆగి ఉంటే బతికేది కాదట. గొట్టం వేసి గండం గట్టెక్కించారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతుంది?" అని. సర్వర్ ఏ నిమిషంలో ఎంత మెమరీ తింటోందో గ్రాఫు గీసి చూపించే ఉద్యోగం నాది. ఈ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కలిగిరికి ఫోన్ చేసి సంగతంతా అమ్మకి చెప్పాను. "గొడ్లకి కుడితి పెడతాం, కోళ్ళకి చిప్పలో పోస్తాం. పిల్లికి నీళ్ళు పెట్టేదేందిరా? అదే యాడో ఒకచోట తాగద్ది" అంది.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, పిల్లికీ మనిషికీ మధ్య కొన్ని వేల ఏళ్ళుగా ఉన్న ఒప్పందం మొత్తం ఆ ఒక్క మాటలో ఉందనిపించింది.

ఇంటి పిల్లి పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల అడవి పిల్లి సంతానం. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన సమాధి ఒకటి దొరికిందని 2004లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తలు ప్రకటించారు. దాని వయసు సుమారు 9,500 ఏళ్ళు. ధాన్యం దాచుకున్న చోటికి ఎలుకలొచ్చాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ కట్టెయ్యలేదు. తిండీ నీళ్ళూ దాని సొంత బాధ్యత.

ఆ బాధ్యత దానికి బరువేమీ కాదు. ఎలుక ఒంట్లో మూడింట రెండొంతులు నీళ్ళే. పైగా పిల్లి మూత్రపిండాలు మహా పొదుపరివి. మన మూత్రపిండాల కంటే రెండింతలకు పైగా మూత్రాన్ని చిక్కబరచగలవు. 1959లో అమెరికాలో చేసిన ప్రయోగాల్లో, చేపలు తింటూ సముద్రపు నీళ్ళు తాగి కూడా పిల్లులు నెట్టుకొచ్చాయి. అదే మనమైతే ఉప్పునీళ్ళు తాగిన కొద్దీ ఇంకా ఎండిపోతాం. ఇంత మంచి ఏర్పాటు ఉన్నందుకు అది కట్టిన మూల్యం ఒకటుంది. దానికి దాహం తొందరగా వెయ్యదు.

మన కథల్లో పిల్లి గిన్నె ఎప్పుడూ పాలగిన్నే. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియనిదెవరికి? రాయలవారు ఎలుకల బాధ పోవడానికి ఇంటికో పిల్లినీ, దాని పాలకోసం ఆవునీ ఇచ్చారనీ, రామకృష్ణుడు మొదటిరోజే మరిగే పాలు పెట్టి మూతి కాల్చాడనీ, ఆ తర్వాత ఆ పిల్లి పాలు చూస్తేనే పారిపోయేదనీ. కృష్ణదేవరాయలు 1514లో మా ఉదయగిరి కోటని ఏడాదికి పైగా ముట్టడించి గజపతుల నుంచి గెలుచుకోవటం చరిత్ర. పిల్లి సంగతి మాత్రం కట్టుకథే. అయినా అందులో ఒక నిజముంది. రాజుగారి ఏర్పాటులో కూడా పిల్లికి పాలున్నాయి గానీ నీళ్ళ ప్రస్తావన లేదు. నిజానికి పెద్ద పిల్లుల్లో చాలావాటికి ఆవుపాలు అరగవు, విరేచనాలు పట్టుకుని ఉన్న నీళ్ళు కూడా పోతాయి.

మరి అమ్మ చెప్పిన గొడ్ల సంగతో? అది పూర్తిగా వేరే చరిత్ర. ఎద్దు నీళ్ళని మనిషి లెక్కపెట్టాడు, ఎందుకంటే ఎద్దు పడుకుంటే సేద్యం పడుకుంటుంది. మా ప్రాంతంలో ఆ లెక్క మనుషుల్నే కాపాడింది. మాకు ఉత్తరాన ఉన్న కనిగిరి, పొదిలి 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లావే. 1930ల నాటి నెల్లూరు జిల్లాలో దున్నే ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోవటం రైతులు ముందు గమనించారనీ, అదే జబ్బు మనుషుల్లో ఉన్నట్టు తర్వాత బయటపడిందనీ ఫ్లోరోసిస్ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరుగా ఉన్న షార్ట్, ఆయన సహచరులు 1937లో దీని మీద వ్యాసం ప్రచురించారు. మన దేశంలో మనుషుల ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి వైద్య వ్యాసంగా దాన్నే చెప్పుకుంటారు. రాళ్ళలోంచి బావి నీళ్ళలోకి కరిగిన ఫ్లోరైడు పళ్ళనీ ఎముకల్నీ పాడుచేస్తోందన్నది సారాంశం. నీళ్ళు కాచినా అది పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఆ ఊళ్ళలో పిల్లులూ ఉండే ఉంటాయి. వాటి కాళ్ళు ఎలా ఉండేవో ఎవరు చూశారు? ఎద్దు కుంటితే కబురు మద్రాసు దాకా వెళ్ళింది, పిల్లి కుంటితే పక్కింటికి కూడా వెళ్ళదు. మనకి పనికొచ్చే ప్రాణి నీళ్ళే మన కంటికి కనపడతాయి అన్నమాట.

పల్లెలో పిల్లికి ఈ నిర్లక్ష్యం వల్ల పెద్ద నష్టం లేకపోయింది. ఎలుక ఉంది, తొట్టి ఉంది, గిన్నెలు తోమినచోట గుంట ఉంది. అపార్టుమెంటులోకి తెచ్చాక ఇవన్నీ తీసేశాం. ఎలుక బదులు ఎండు గింజలు పెట్టాం. పెంపుడు జంతువుల ఎండు తిండికి 1860 ప్రాంతంలో లండన్‌లో స్ప్రాట్ అనే ఆయన అమ్మిన కుక్క బిస్కెట్లు ఆద్యం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలో రేకు డబ్బాలకి కరువొచ్చి ఎండు తిండి ఊపందుకుంది. 1957లో ప్యూరినా కంపెనీ యంత్రంలో ఉడికించి పొంగించిన గింజల్ని కుక్కల కోసం మార్కెట్లోకి తెచ్చింది. పిల్లి గింజలూ ఆ దారినే వచ్చాయి. వాటిలో తేమ నూటికి పది పాళ్ళు.

తర్వాత జరిగింది మన వృత్తిలో వాళ్ళకి బాగా అర్థమవుతుంది. పిల్లుల మూత్రంలో రాళ్ళకి తిండిలోని మెగ్నీషియం కారణమని తేలితే, 1980లలో కంపెనీలు దాన్ని తగ్గించి మూత్రంలో ఆమ్లం పెరిగేలా తిండిని మార్చాయి. ఆ రకం రాళ్ళు తగ్గాయి. ఆక్సలేటు రాళ్ళ వాటా పెరిగింది. ఒక బగ్గు ఫిక్స్ చేస్తే ఇంకోటి లేచింది. నీళ్ళు ఎక్కువైతే మూత్రం పలచబడి రెండు రకాల రాళ్ళకీ అడ్డుపడుతుంది.

ఒకసారి లెక్క వేద్దాం. పిల్లికి రోజుకి కేజీకి సుమారు 50 మిల్లీలీటర్లు కావాలి, తిండిలో వచ్చే నీళ్ళతో కలిపి. అంటే మావాడికి 200. అరవై గ్రాముల గింజల్లో వచ్చేది 6. మిగతాదంతా నాలుకతో తోడుకోవాలి. 2010లో ఎంఐటీ వాళ్ళు హై స్పీడ్ కెమెరా పెట్టి చూస్తే, పిల్లి నాలుక కొసని నీటిమీద తాకించి, పైకి లేచిన ధారని చటుక్కున నోట్లో పట్టుకుంటుందని తేలింది. సెకనుకి నాలుగుసార్లు, ఒక్కోసారికి మిల్లీలీటరులో పదో వంతు. ఆ లెక్కన రోజుకి దాదాపు రెండువేలసార్లు నాలుక ఆడించాలి, దాహమే సరిగా వెయ్యని జీవి! అదే తడి తిండిలో నూటికి డెబ్భై అయిదు పాళ్ళకు పైగా నీళ్ళే.

మీ ఇంట్లో పిల్లి ఉంటే వీలైనంత తడి తిండి పెట్టండి, అందులో ఇంకో రెండు చెంచాల నీళ్ళు కలపండి. ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించిన చికెన్ నీళ్ళు కూడా బాగా తాగుతాయి. వెడల్పాటి గిన్నెలు రెండు మూడు చోట్ల, లిట్టర్ బాక్సుకి దూరంగా పెట్టి రోజూ మార్చండి. మగపిల్లి ముక్కుతూ ఉండి మూత్రం రాకపోతే రేపటిదాకా ఆగొద్దు. ఉన్నట్టుండి నీళ్ళు విపరీతంగా తాగటం మొదలెట్టినా డాక్టరుకి చూపించాల్సిందే, అది మూత్రపిండాల జబ్బో, షుగరో కావచ్చు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మాకు తాగటానికి క్యాన్ నీళ్ళు, పిల్లి గిన్నెలోకి బోరు నీళ్ళు. ఇన్నేళ్ళూ అలాగే నడిచింది, తప్పని కూడా తోచలేదు. ఆ నాటి రైతూ ఎద్దూ తాగింది ఒక్క నేల నీళ్ళే కాబట్టి ఎద్దు కాళ్ళలో మనిషి జబ్బు కనపడింది. మేం తాగమని పక్కనపెట్టిన నీళ్ళని మా ఇంట్లో పిల్లి ఒక్కటే తాగింది. ఇప్పుడు దానికీ క్యాన్ నీళ్ళే.

వారం తర్వాత అమ్మ ఫోన్ చేసి మా బాగోగులు అడిగి, పెట్టేసే ముందు "పిల్లి నీళ్ళు తాగతా ఉండాదా?" అంది. కలిగిరి ఇంట్లో ఆ ప్రశ్న ఎవరైనా అడగటం నేను వినటం అదే మొదటిసారి.