ప్రయోగశాల నుండి ఇంటి గడపకు: మలపరీక్ష కథ

మలమును గూర్చి నలుగురిలో మాటలాడుటకు మనకు సిగ్గు. వైద్యునికి మాత్రము ప్రేగులోని సంగతులు తెలుపునది అదియే. ఆ సంగతులను రాబట్టు విధము రసాయనశాస్త్రజ్ఞులకు తెలిసి నూటయేబది యేండ్లు దాటినది. రోగియే తన ఇంటిలో ఆ పరీక్షను సరిగా చేసికొనగలడా అన్నది నేటి ప్రశ్న.

1864లో హాలెండు దేశీయుడగు వాన్ డీన్, గ్వాయకము అను చెట్టుబంకతో రక్తమును గుర్తించు పద్ధతిని ప్రకటించెను. ఈ చెట్టు వెస్టిండీసు దీవులలో పెరుగును. బంకకు హైడ్రోజన్ పెరాక్సైడు తగిలినపుడు అచ్చట రక్తమున్నచో నీలిరంగు పుట్టును. రక్తములోని ఇనుముగల వర్ణద్రవ్యము ఈ మార్పును త్వరపరచును. కంటికి కనబడని రక్తమును మలములో వెదకి, జీర్ణకోశపు రాచపుండును పసిగట్టవచ్చునని 1901లో బెర్లిన్ వైద్యుడు ఇస్మార్ బోయాస్ చూపెను.

పరీక్షను ఇంటికి చేర్చినవాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు వైద్యుడు డేవిడ్ గ్రీగర్. 1967లో ప్రకటించిన ఆయన పద్ధతిలో, గ్వాయకము పట్టించిన అట్టలపై రోగియే మూడు దినములు ఇంటియొద్ద మలమును పలుచగా పూసి పంపవలెను. పూయుట సులువే గాని పథ్యము కష్టము. మాంసమో ముల్లంగియో తిన్నచో రక్తము లేకున్నను నీలిరంగు రావచ్చును. విటమిన్-సి హెచ్చుగా తీసికొన్నచో రక్తమున్నను రంగు రాకపోవచ్చును.

తరువాత మానవరక్తపు హీమోగ్లోబిన్‌ను మాత్రమే పట్టు ప్రతిదేహముల పరీక్షలు వచ్చి పథ్యమును తొలగించినవి. గాడులు చెక్కిన పుల్లను మలములో గ్రుచ్చి, ద్రవమున్న సీసాలో దూర్చిన చాలును. ఎక్కువైనదానిని సీసా ఇరుకుమెడయే తుడిచివేయును. కొలత రోగి చేతిపై ఆధారపడకుండ చేసిన యుక్తి యిది! కాని ఎండకు హీమోగ్లోబిన్ చెడును. ఇటలీలోని ఫ్లోరెన్సులో వేసవియందు ఈ పరీక్ష రక్తమును తక్కువగా పట్టుచున్నదని 2010లో ప్రకటింపబడినది.

రక్తము కాక, ప్రేగు వాపునే కొలుచు పరీక్ష నార్వే దేశమున పుట్టినది. 1980లో ఓస్లోలో ఫాగర్‌హోల్, ఆయన సహచరులు తెల్లరక్తకణముల నుండి ఒక మాంసకృత్తును వేరుచేసిరి. దానికి తరువాత కాల్‌ప్రొటెక్టిన్ అను పేరు వచ్చినది. ప్రేగు వాచినపుడు ఈ కణములు అచ్చటికి చేరును. మాంసకృత్తు మలములో కలియును. దానిని మలములో కొలుచు విధానమును 1992లో ప్రకటించిరి. గ్రాము మలమునకు 50 మైక్రోగ్రాములకు లోబడినచో పెద్దలకు సాధారణముగా వాపు లేదని భావింతురు.

క్రోన్ వ్యాధి, పెద్దప్రేగు పుండ్ల వ్యాధి గలవారు ఈ కొలతను పలుమార్లు చూచుకొనవలెను. అందుచే ఐరోపాలో ఇంటియొద్దనే పట్టీపై పరీక్షించి, సెల్‌ఫోను కెమెరాతో గీతను చదువు సాధనములు వచ్చినవి. వీని పరిశీలన కేవలము రసాయనశాలలో తీరునది కాదు. రోగికి పెట్టెను, సూచనల కాగితమును ఇచ్చి, సాయపడక చూచుచుందురు. పుల్లను మితముగా ముంచెనా? చెప్పిన నిమిషములు ఆగెనా? ఫోటో మసకబారెనా? తుదకు ఆతని ఫలితమును ప్రయోగశాల ఫలితముతో పోల్తురు.

ఈ వ్యాధులు మన పల్లెలకు దూరమైనవి కావు. దక్షిణ భారతమున గ్రామములలోను అవి కలవని హైదరాబాదు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో తెలిపిరి. మన కదిరిలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. పరీక్షపెట్టెపై వ్రాసిన "గది ఉష్ణోగ్రత" మన రేకుల ఇంటికి వర్తింపదు. చలిదేశములలో మలమును పట్టుటకు పీటవంటి మరుగుదొడ్డికి అడ్డముగా కాగితము కట్టుదురు. మన నేలదొడ్డిలో అది కుదరదు, నీరు కలిసిన నమూనా పనికిరాదు. పొడి పాత్రలో పట్టుమని తెలుగులో, బొమ్మతో చెప్పవలెను.

మరియొక హెచ్చరిక. ప్రేగు క్షయలోను, జిగట విరేచనములలోను కాల్‌ప్రొటెక్టిన్ పెరుగును. కావున అంకె పెరిగినదని రోగి తనంతట మందు మార్చుకొనరాదు. క్రోన్ వ్యాధికిచ్చు కొన్ని మందులు శరీరపు రక్షణశక్తిని అణచును. లోన క్షయ దాగియున్నచో అది విజృంభించును. పరీక్ష ఇంటికి రావచ్చును గాని, తీర్పు వైద్యునియొద్దనే ఉండవలెను.