సముద్రజల ధర్మాలను కొలిచే సాధనాలు

సముద్రపు ఉపరితలం నుండి అడుగు వరకు వివిధ లోతులలో నీటి ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం మొదలైన ధర్మాలను కొలవడానికి వాడే పరికరాలను సముద్రజల ధర్మాలను కొలిచే సాధనాలు అంటారు. వీటిలో సి.టి.డి., ఎక్స్.బి.టి., ఆర్గో ఫ్లోట్లు, లంగరు వేసిన బోయలు, సముద్రగర్భ పీడనమాపకాలు ముఖ్యమైనవి. భారతదేశంలో ఇటువంటి కొలతలను సేకరించి, సరిచూసి, తుఫాను, సునామీ, మత్స్య సమాచార సేవలకు ఉపయోగించే ప్రధాన సంస్థ హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. దీనిని ఇన్‌కాయిస్ అని పిలుస్తారు. ఈ కేంద్రం సైబరాబాదు ప్రాంతంలో, హైటెక్ సిటీకి ఉత్తరాన ఉన్న ప్రగతినగర్‌లో ఉన్నది. హైదరాబాదు సముద్రతీరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా, ఉపగ్రహాల ద్వారా సముద్రపు లోతుల సమాచారం అక్కడికి నిరంతరం చేరుతుంది.

కొలవవలసిన ధర్మాలు

సముద్రజలం గురించి మొదట తెలుసుకోవలసినవి మూడు: ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం. ఈ మూడూ తెలిస్తే నీటి సాంద్రతను, నీటిలో ధ్వని వేగాన్ని లెక్కకట్టవచ్చు. సాంద్రతలోని తేడాలే లోతైన ప్రవాహాలకు ఒక ముఖ్య కారణం.

* ఉష్ణోగ్రత: వెచ్చని సముద్రాలలో ఉపరితలం వద్ద 28-30 డిగ్రీల సెల్సియస్ ఉండే నీరు, 2,000 మీటర్ల లోతున 2-3 డిగ్రీలకు పడిపోతుంది.
* లవణీయత: ఒక కిలోగ్రాము సముద్రజలంలో సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. పూర్వం సిల్వర్ నైట్రేటుతో నీటిలోని క్లోరైడును అంచనా వేసి దీనిని కనుగొనేవారు. ఇప్పుడు నీటి విద్యుద్వాహకతను కొలిచి, దాని నుండి లెక్కిస్తారు. ఇందుకు 1978 నాటి ఆచరణాత్మక లవణీయతా కొలమానం ఆధారం.
* పీడనం: ప్రతి 10 మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. సాధనాలు లోతును నేరుగా కొలవవు. పీడనాన్ని కొలిచి, దాని నుండి లోతును లెక్కిస్తాయి.

అంటే లవణీయత, లోతు రెండూ లెక్క ద్వారా వచ్చే విలువలే. విద్యుద్వాహకత లవణాలతో పాటు ఉష్ణోగ్రతపై కూడా ఆధారపడుతుంది. అందువలన ఉష్ణోగ్రత కొలతలో 0.01 డిగ్రీ పొరపాటు జరిగితే లవణీయతలో కూడా దాదాపు 0.01 తేడా వస్తుంది.

చరిత్ర

1872-76 మధ్య ప్రపంచ సముద్రాలను చుట్టిన బ్రిటిషు నౌక ఛాలెంజర్ యాత్రలో గరిష్ఠ-కనిష్ఠ ఉష్ణమాపకాలను తాళ్ళతో లోతుకు దించారు. దించినప్పటి నుండి పైకి తీసే వరకు తగిలిన అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలను మాత్రమే అవి చూపగలవు. చల్లని పొర కింద వెచ్చని పొర ఉంటే ఆ విషయం వాటికి తెలియదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1874లో లండనుకు చెందిన నెగ్రెట్టి, జాంబ్రా సంస్థ తలకిందులయ్యే ఉష్ణమాపకాన్ని తయారుచేసింది. కావలసిన లోతులో దీనిని తలకిందులు చేయగానే పాదరసపు తీగ తెగి, అక్కడి ఉష్ణోగ్రత అలాగే నిలిచిపోతుంది. తరువాత నార్వే శాస్త్రవేత్త ఫ్రిట్యాఫ్ నాన్సెన్ రూపొందించిన నీటి సీసాలతో కలిపి ఈ ఉష్ణమాపకాలను చాలాకాలం వాడారు.

1930వ దశకం చివరలో ఆథెల్‌స్టన్ స్పిల్‌హాస్ బాతీథెర్మోగ్రాఫును రూపొందించాడు. ఇది లోతుతో పాటు మారే ఉష్ణోగ్రతను పొగపూసిన గాజుపలకపై గీతగా గీస్తుంది. రెండవ ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల అన్వేషణకు దీనిని విస్తృతంగా వాడారు. 1950వ దశకంలో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, అక్కడి అధ్యాపకులు, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతపు పశ్చిమ తీరజలాలను పరిశీలించాడు. తెలుగుతీరంలో ఆధునిక సముద్రశాస్త్ర పరిశోధనకు ఆ కృషి పునాది వేసింది.

సి.టి.డి.

విద్యుద్వాహకత, ఉష్ణోగ్రత, లోతు అనే మూడు మాటల ఆంగ్ల పదాల తొలి అక్షరాలే సి.టి.డి. దీనికి మాతృకగా చెప్పదగిన సాధనాన్ని 1950వ దశకంలో ఆస్ట్రేలియాలో బ్రూస్ హేమన్, నీల్ బ్రౌన్ తయారుచేశారు. బ్రౌన్ తరువాత అమెరికాలో దీనిని అభివృద్ధి చేశాడు.

సి.టి.డి.లో ఒక గాజుగొట్టం గుండా నీరు ప్రవహిస్తుంది. గొట్టంలోని ఎలక్ట్రోడులు నీటి విద్యుద్వాహకతను కొలుస్తాయి. పక్కనే ఉన్న థర్మిస్టరు ఉష్ణోగ్రతను, మరొక సెన్సారు పీడనాన్ని కొలుస్తాయి. నీరు ఒకే వేగంతో ప్రవహించడానికి చిన్న పంపు ఉంటుంది. నౌకపై వాడే మేలురకం సి.టి.డి. సెకనుకు 24 సార్లు కొలతలు తీస్తుంది. దీనిని విద్యుత్ తీగ ఉన్న ఉక్కుతాడుతో సెకనుకు ఇంచుమించు ఒక మీటరు వేగంతో దించుతారు. 4,000 మీటర్ల లోతుకు వెళ్ళి రావడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. అంతసేపూ నౌక ఒకేచోట నిలిచి ఉండాలి.

సి.టి.డి. చుట్టూ వలయంగా 12 లేక 24 నీటి సీసాలను అమర్చుతారు. పైకి లాగేటప్పుడు నౌకలోని శాస్త్రజ్ఞులు కావలసిన లోతుల వద్ద ఒక్కొక్క సీసాను మూసివేస్తారు. ఈ నీటిని ప్రయోగశాలలో పరీక్షించి, సెన్సారు చూపిన విలువ సరైనదో కాదో తేల్చుకుంటారు. సాగర్ కన్య, సాగర్ నిధి వంటి భారతీయ పరిశోధన నౌకలలో సి.టి.డి. తప్పనిసరి సాధనం.

ఎక్స్.బి.టి.

సి.టి.డి. కోసం నౌకను ఆపాలి. సరుకు, ప్రయాణికుల నౌకలు ఆగవు. వాటి నుండి కొలతలు తీయడానికి 1960వ దశకంలో ఎక్స్.బి.టి. వాడుకలోకి వచ్చింది. ఇది ఒక్కసారి మాత్రమే వాడి వదిలివేసే సాధనం. నౌక నడుస్తుండగానే దీనిని నీటిలోకి వదులుతారు. అది మునుగుతూ సన్నని రాగితీగ ద్వారా ఉష్ణోగ్రతను పైకి పంపుతుంది. సాధారణ రకం సుమారు 760 మీటర్ల వరకు కొలుస్తుంది, ఆపై తీగ తెగిపోతుంది. చెన్నై, కోల్‌కతాల నుండి పోర్టుబ్లెయిరుకు వెళ్ళే నౌకల నుండి భారతీయ శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరాలుగా ఈ విధంగా కొలతలు సేకరించారు.

ఎక్స్.బి.టి.లో పీడన సెన్సారు ఉండదు. అది మునిగే వేగం ఎంతో ముందే ఊహించి, గడిచిన కాలాన్ని బట్టి లోతును లెక్కిస్తారు. ఆ వేగం విషయంలో అంచనా తప్పితే మొత్తం కొలతలన్నీ తప్పు లోతుకు చేరతాయి.

ఆర్గో ఫ్లోట్లు

నౌకలు వెళ్ళని చోట, వెళ్ళని కాలంలో కూడా కొలతలు కావాలనే ఉద్దేశంతో అనేక దేశాలు కలిసి ఆర్గో పథకాన్ని చేపట్టాయి. ఫ్లోట్లను వదలడం 1999-2000 ప్రాంతంలో మొదలై, 2007 నవంబరు నాటికి వాటి సంఖ్య 3,000కు చేరింది. గ్రీకు పురాణంలో జాసన్ అనే వీరుడు ప్రయాణించిన నౌక పేరు ఆర్గో. సముద్రమట్టాన్ని కొలిచే జాసన్ ఉపగ్రహానికి జతగా ఈ పేరు పెట్టారు.

ఫ్లోటు మనిషి ఎత్తున, స్తంభం ఆకారంలో ఉంటుంది. దానిలోని పంపు నూనెను బయటి సంచిలోకి నెట్టితే ఫ్లోటు ఘనపరిమాణం పెరిగి, సాంద్రత తగ్గి, అది పైకి తేలుతుంది. నూనెను లోపలికి తీసుకుంటే మునుగుతుంది. సాధారణంగా ఫ్లోటు 1,000 మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కదులుతుంది. పది రోజులకొకసారి 2,000 మీటర్లకు దిగి, అక్కడి నుండి కొలతలు తీసుకుంటూ పైకి వస్తుంది. ఉపగ్రహానికి ఆ కొలతలను పంపి మళ్ళీ మునుగుతుంది. బ్యాటరీ అయిపోయే వరకు, అంటే నాలుగైదు సంవత్సరాల పాటు, ఇలా పనిచేస్తుంది. తరువాత దానిని తిరిగి తీసుకురావడం అరుదు. అందుకే సెన్సారు పాడైతే బాగుచేయడానికి వీలుండదు.

ఇన్‌కాయిస్ భారతదేశపు ఆర్గో సమాచార కేంద్రంగానూ, హిందూ మహాసముద్రానికి ప్రాంతీయ కేంద్రంగానూ పనిచేస్తున్నది.

బోయలు, సముద్రగర్భ పీడనమాపకాలు

ఒకేచోట నిరంతరం కొలవడానికి బోయలను సముద్రపు అడుగున లంగరు వేసి నిలుపుతారు. వాటి తాడు పొడవునా వివిధ లోతులలో సెన్సార్లు ఉంటాయి. చెన్నైలోని జాతీయ సాగర సాంకేతిక సంస్థ నిర్వహించే బోయలు 500 మీటర్ల లోతు వరకు కొలతలు ఇస్తాయి. చేపల వేటకు వెళ్ళే పడవలు బోయలకు తగలడం, వాటికి కట్టివేయడం, వలలు చిక్కుకోవడం వలన ఇవి తరచుగా దెబ్బతింటాయి. తుఫాను హెచ్చరిక మొదట చేరవలసింది మత్స్యకారులకే కాబట్టి, బోయల రక్షణపై తీరగ్రామాలలో అవగాహన కార్యక్రమాలు నిర్వహిస్తుంటారు.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత సముద్రగర్భ పీడనమాపకాల అవసరం స్పష్టమైంది. అడుగున ఉంచిన ఈ సాధనం తనపై ఉన్న నీటి బరువును కొలుస్తుంది. నడిసముద్రంలో సునామీ అల ఎత్తు కొద్ది సెంటీమీటర్లే ఉన్నా, వేల మీటర్ల నీటి పీడనంలో అంత చిన్న మార్పును కూడా ఇది గుర్తిస్తుంది. ఆ సంకేతాన్ని ధ్వని తరంగాల ద్వారా పైనున్న బోయకు, బోయ నుండి ఉపగ్రహానికి పంపుతుంది. భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరు నుండి ఇన్‌కాయిస్‌లో పనిచేస్తున్నది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపంలో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హెచ్చరికలు జారీ అయ్యాయి. నీటిమట్టపు కొలతలు పెద్ద అలలు లేవని చూపిన తరువాత, అదే రోజు వాటిని ఉపసంహరించారు. ప్రమాదం ఉందని చెప్పడంతో పాటు, ప్రమాదం లేదని నమ్మకంగా చెప్పడం కూడా ఈ సాధనాల పనే.

బంగాళాఖాతంలో ప్రాముఖ్యత

గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మొదలైన నదులు, వర్షాలు బంగాళాఖాతంలోకి అపారమైన మంచినీటిని చేరుస్తాయి. ఈ తేలికైన నీరు ఉప్పునీటిపై పొరగా పరుచుకుంటుంది. మామూలుగా తుఫాను గాలులు సముద్రాన్ని కలచివేసి కింది చల్లని నీటిని పైకి తెస్తాయి. దానివలన తుఫానుకు అందే వేడి తగ్గుతుంది. కానీ ఉత్తర బంగాళాఖాతంలో మంచినీటి పొర ఈ కలయికకు అడ్డుపడుతుంది. అందుచేత తుఫానుకు వేడి అందుతూనే ఉండవచ్చు.

ఉపగ్రహాలు సముద్రపు పైపొర ఉష్ణోగ్రతను మాత్రమే చూడగలవు. వెచ్చని నీరు ఎంత మందాన ఉన్నదో, దాని కింద ఉప్పదనం ఎలా మారుతున్నదో చెప్పేవి నీటిలోని సాధనాలే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది మరణించారు. అప్పటికి ఈ విధమైన నిరంతర పరిశీలన లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటిన నాటికి ఆర్గో, బోయల కొలతలు నమూనాలలోకి చేరుతున్నాయి. తుఫాను ఎటు వెళ్తుందో చెప్పడం కంటే ఎంత బలపడుతుందో చెప్పడం కష్టం. నీటి లోపలి వేడిని కొలవడం వలన ఆ రెండవ ప్రశ్నకు సమాధానం మెరుగవుతుంది.

కొలతలలో దోషాలు, సవరణ

సాధనం ఎంత సూక్ష్మమైనదైనా దాని అంకె దానంతటదే నమ్మదగినది కాదు. ఆర్గో కొలతలలో ఉష్ణోగ్రతకు 0.002 డిగ్రీ, లవణీయతకు 0.01 కచ్చితత్వం లక్ష్యంగా ఉంటుంది. కాలం గడిచేకొద్దీ గాజుగొట్టంలో జీవజాలం పేరుకొని లవణీయత కొలత పక్కకు జరగవచ్చు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. 2003-05 మధ్య సముద్రపు పైభాగం చల్లబడిందని 2006లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించింది. 2007లో ఆ శాస్త్రజ్ఞులే దానిని సవరించారు. కొన్ని ఫ్లోట్లలో కొలతలు తప్పు పీడనాలకు చేరినట్లు, ఎక్స్.బి.టి. కొలతలు వాస్తవం కంటే వెచ్చగా ఉన్నట్లు తేలింది. ఈ రెండు దోషాలు కలిసి లేని చల్లదనాన్ని చూపాయి. భూమి అదనంగా పొందుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలలోకే చేరుతున్నది కాబట్టి, ఇటువంటి చిన్న దోషం ప్రపంచ వాతావరణ చర్చనే తప్పుదారి పట్టించగలదు.

ఈ కారణంగా ఆర్గో సమాచారాన్ని రెండు దశలలో విడుదల చేస్తారు. మొదటిది కంప్యూటరు పరీక్షలు జరిపి సాధ్యమైనంతవరకు 24 గంటలలోగా ఇచ్చేది. ఇది తుఫాను, వాతావరణ సూచనలకు పనికివస్తుంది. రెండవది నిపుణులు సమీపంలోని నమ్మదగిన నౌకా కొలతలతో పోల్చి, నెలల తరువాత సవరించి ఇచ్చేది. దీర్ఘకాలిక మార్పుల అధ్యయనానికి రెండవదానినే వాడాలి. నౌకపై సి.టి.డి., నీటి సీసాలు ఇప్పటికీ అవసరం కావడానికి కారణం ఇదే.

సమాచార లభ్యత

ఆర్గో సమాచారం ప్రపంచంలో ఎవరికైనా ఉచితంగా లభిస్తుంది. విద్యార్థులు ఇంటర్నెట్టు ద్వారా ఒక్కొక్క ఫ్లోటు మార్గాన్ని, అది తీసిన ఉష్ణోగ్రత, లవణీయత గీతలను చూడవచ్చు. ప్రతి కొలతకు పక్కన దాని నాణ్యతను తెలిపే అంకె ఒకటి ఉంటుంది. 1 అంటే మంచి కొలత, 4 అంటే చెడ్డ కొలత. సమాచారాన్ని వాడుకునేవారు ముందుగా ఈ అంకెను చూడాలి.